గంజాయి చీటీ, వీసా కాగితం

ముందే చెప్పేస్తున్నా, ఇది గంజాయి మంచిదా చెడ్డదా అని తేల్చే టపా కాదు. ఆ తగవు డాక్టర్లు తీర్చుకుంటారు. నేను చెప్పబోయేది కాలిఫోర్నియాలో ఆ మొక్క చుట్టూ అల్లుకున్న చట్టాల కథ. అమెరికావాళ్ళ చట్టాలు మనకెందుకు అంటారా? ఈ కథ మొదట్లో ఉన్నదీ మన దేశస్తులే, చివర్లో ఇరుక్కునేదీ మన దేశస్తులే. అందుకు.

కథ కలకత్తాలో మొదలవుతుంది. విలియం బ్రూక్ ఓషానెస్సీ అని ఒక ఐరిష్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండేవాడు, కలకత్తా మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. మన వైద్యులూ హకీములూ గంజాయిని మందుగా వాడటం చూసి, ముందు జంతువుల మీదా, తర్వాత కీళ్ళనొప్పులు, కలరా, ధనుర్వాతం ఉన్న రోగుల మీదా ప్రయోగాలు చేసి 1839లో ఒక పత్రం రాశాడు. పాశ్చాత్య వైద్యంలో గంజాయి మందుగా ప్రచారం పొందింది ఆ పత్రంతోనే. (మన ఫీల్డు వాళ్ళకి ఇంకో ముక్క: ఈయనే తర్వాత 1850లలో ఇండియా అంతటా టెలిగ్రాఫ్ తీగలు లాగించాడు, దానికే సర్ బిరుదు కూడా వచ్చింది. గంజాయి నుంచి నెట్వర్కింగ్ కి డొమైన్ మారిన మొదటి మనిషి అన్నమాట :) )

అక్కణ్ణుంచి మందు లండనుకీ, తర్వాత అమెరికాకీ వెళ్ళింది. 1850 నాటి అమెరికా ఫార్మకోపియాలో, అంటే వాళ్ళ అధికారిక మందుల పుస్తకంలో, చోటు సంపాదించింది. 1942 దాకా అందులోనే ఉంది.

ఈలోగా బ్రిటిష్ పార్లమెంటులో, ఈ గంజాయి వల్ల ఇండియాలో జనానికి పిచ్చెక్కుతోందట, సంగతేంటి అని ప్రశ్న లేచింది. 1893లో కమిషన్ వేశారు. ఆ కమిషన్ మాటవరసకి వేసింది కాదు. 1,193 మంది సాక్షుల్ని విచారించి, పిచ్చాసుపత్రుల రికార్డులు తిరగేసి, 1894లో సంపుటాల కొద్దీ నివేదిక ఇచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాయి పండే చోట్ల గురించి రాస్తూ మన బాపట్ల తాలూకాని కూడా చెప్పింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడితే ఉంది, నిషేధం మాత్రం వద్దు, పన్నులూ లైసెన్సులూ చాలు అని తేల్చింది. తెల్లదొరల ఖజానాకి ఆ పన్ను తీపి అని వేరే చెప్పక్కర్లేదు గానీ, ఆ నివేదికలో ఉన్న ఓపికా, లెక్కా తర్వాత వందేళ్ళలో ఈ విషయం మీద చట్టాలు చేసిన వాళ్ళలో నాకు పెద్దగా కనపడలేదు.

ఇప్పుడు కాలిఫోర్నియాకి వద్దాం. అమెరికాలో గంజాయి నిషేధం అనగానే మెక్సికన్ల మీద ద్వేషం, 1937 నాటి చట్టం, హ్యారీ ఆన్‌స్లింగర్ అనే అధికారి... ఇదే అందరూ చెప్పే కథ. అది నిజమే. కానీ కాలిఫోర్నియా అంతకు 24 ఏళ్ళ ముందే, 1913లోనే నిషేధించింది. దాని వెనక ఉన్న మనిషి హెన్రీ ఫింగర్, రాష్ట్ర ఫార్మసీ బోర్డు సభ్యుడు. 1911లో ఈయన హామిల్టన్ రైట్ అనే ఫెడరల్ అధికారికి ఒక ఉత్తరం రాశాడు. దాని సారాంశం: మా రాష్ట్రంలోకి హిందువులు తెగ వచ్చి పడుతున్నారు, వాళ్ళతో పాటు ఈ కానబిస్ ఇండికాకి గిరాకీ పెరుగుతోంది, వాళ్ళు బొత్తిగా అక్కర్లేని రకం, ఆ అలవాటు మన తెల్లవాళ్ళకి అంటుకునేలా ఉంది.

ఇక్కడ హిందువులు అంటే ఎవరనుకున్నారు? పంజాబు నుంచి కలప మిల్లుల్లోనూ, పొలాల్లోనూ కూలికి వచ్చిన వాళ్ళు. ఎక్కువమంది సిక్కులు. ఆ రోజుల్లో అమెరికావాళ్ళకి ఇండియా నుంచి వచ్చిన ప్రతివాడూ హిందువే. మొత్తం లెక్కేస్తే కొద్ది వేలమంది. వాళ్ళలో గంజాయి తాగినవాళ్ళు ఎంతమందో ఫింగర్ గారు లెక్కపెట్టిన దాఖలా లేదు. అదే ఫింగర్ ఆ తర్వాత హేగ్ లో జరిగిన అంతర్జాతీయ నల్లమందు సమావేశానికి అమెరికా ప్రతినిధుల్లో ఒకడిగా వెళ్ళాడు. రెండేళ్ళలో రాష్ట్రంలో నిషేధం వచ్చేసింది. ఇంకో నాలుగేళ్ళకి, 1917లో, ఇండియాతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలసల్నే ఆపేస్తూ ఫెడరల్ చట్టం వచ్చింది. అంటే మొక్కనీ, మొక్క తెచ్చాడన్న మనిషినీ దాదాపు ఒకే ఊపులో గేటు బయట నిలబెట్టారు.

1937 చట్టం పన్ను పేరుతో వచ్చింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తరఫున వుడ్‌వర్డ్ అనే డాక్టరు వెళ్ళి దాన్ని వ్యతిరేకిస్తూ సాక్ష్యం చెప్పాడు, ఎవరూ వినలేదు. 1970లో నిక్సన్ కాలంలో కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ చట్టం వచ్చింది, గంజాయిని హెరాయిన్ తో కలిపి 1వ షెడ్యూలులో పడేసింది. వైద్యానికి పనికిరాదు, దుర్వినియోగం ఎక్కువ అని దానర్థం. 1972లో ప్రభుత్వం వేసిన కమిషనే, సొంత వాడకానికి దగ్గర పెట్టుకుంటే నేరంగా చూడొద్దు అని చెబితే, నిక్సన్ దాన్ని పక్కన పడేశాడు.

తర్వాత ఎయిడ్స్ వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కుర్రాళ్ళు వరసగా చచ్చిపోతున్న రోజులు. తిండి సహించక, మందులకి వాంతులయ్యి ఎముకల గూళ్ళయిన వాళ్ళకి గంజాయితో ఆకలి పుట్టేది. మేరీ జేన్ రాత్‌బన్ అనే పెద్దావిడ గంజాయి కలిపిన కేకులు చేసి ఆసుపత్రిలో ఎయిడ్స్ రోగులకి పంచేది, అరెస్టయి బయటికొచ్చి మళ్ళీ పంచేది. డెనిస్ పెరాన్ అనే ఆయన, తన సహచరుడు 1990లో ఎయిడ్స్ తో పోయాక, ఉద్యమం నడిపాడు. దాని ఫలితమే 1996 నవంబరు ఓటింగులో 55 శాతం పైగా ఓట్లతో గెలిచిన ప్రొపొజిషన్ 215. డాక్టరు సిఫార్సు ఉంటే రోగి గంజాయి వాడుకోవచ్చు.

గమనించారా, ప్రిస్క్రిప్షన్ కాదు, సిఫార్సు. ఎందుకంటే ప్రిస్క్రిప్షన్ రాసే లైసెన్సు ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంటుంది, 1వ షెడ్యూలు మందుకి రాస్తే అది ఊడుతుంది. సిఫార్సు చేసినా ఊడబీకుతాం అని వాషింగ్టన్ బెదిరిస్తే, డాక్టర్లు కోర్టుకెళ్ళి, 2002లో అప్పీల్సు కోర్టులో, రోగికి నా అభిప్రాయం చెప్పడం నా వాక్స్వాతంత్ర్యం అని గెలిచారు. కాబట్టి మీ చేతికొచ్చే ఆ చీటీ నిజానికి మందుల చీటీ కాదు, ఒక డాక్టరు గారి అభిప్రాయం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

అదే 2002లో డయాన్ మాన్సన్ అనే ఆవిడ ఇంటి మీదికి అధికారులొచ్చారు. వెన్నునొప్పికి 6 మొక్కలు పెంచుకుంటోంది. కౌంటీ పోలీసులు, రాష్ట్ర చట్టం ప్రకారం ఈమె తప్పేమీ లేదన్నారు. ఫెడరల్ ఏజెంట్లు, మాకు అనవసరం అన్నారు. మూడు గంటల వాదన తర్వాత మొక్కలు పీకేశారు. ఆ కేసు ఆవిడా, ఏంజెల్ రైచ్ అనే ఇంకో రోగీ కలిసి సుప్రీంకోర్టు దాకా లాగి 2005లో 6-3 తేడాతో ఓడిపోయారు. పెరట్లో పెంచి, అక్కడే వాడేసిన మొక్క కూడా అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందకి వస్తుందట! దీనికి ఆధారం 1942 నాటి తీర్పు: ఒక ఒహైయో రైతు తన పొలంలో కోటాకి మించి గోధుమలు పండిస్తే, సొంత తిండికే అయినా ఫెడరల్ చట్టం వర్తిస్తుందన్నారు. మన పెరట్లో కరివేపాకు రెమ్మ కోస్తే రైతుబజారు లెక్కల్లోకి వచ్చినట్టు.

మన ఫీల్డు వాడిది కూడా ఒక కేసుంది. గ్యారీ రాస్ అనే సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటరు, వాయుసేనలో పనిచేసినప్పుడు నడుం దెబ్బతిని డాక్టరు సిఫార్సుతో వాడేవాడు. 2001లో కొత్త ఉద్యోగంలో చేరగానే డ్రగ్ టెస్టులో దొరికాడు, తీసేశారు. 2008లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, చట్టం నిన్ను జైలు నుంచి కాపాడుతుంది గానీ ఉద్యోగం నిలబెట్టదు అంది. 2024 జనవరి నుంచి కాలిఫోర్నియాలో ఇది కొంత మారింది, డ్యూటీలో లేనప్పుడు వాడినందుకు పాత ఆనవాళ్ళని బట్టి తీసెయ్యకూడదు (ఫెడరల్ క్లియరెన్సులు కావాల్సిన ఉద్యోగాలు మినహా).

ఇంతవరకూ చెప్పిన వాళ్ళంతా సిటిజన్లు. వాళ్ళకి రాష్ట్రం ఒక గొడుగు, ఫెడరల్ ఒక వాన. రోజూ వాన పడదు. 2014 నుంచి రాష్ట్రాల వైద్య గంజాయి చట్టాల జోలికి న్యాయశాఖ నిధులు ఖర్చుపెట్టకుండా బడ్జెట్లో ఒక షరతు కూడా పెడుతూ వచ్చారు. కానీ మనం? వీసా, ఐ-94, గ్రీన్ కార్డు, అన్నీ ఫెడరల్ కాగితాలే. ఇమిగ్రేషన్ లో రాష్ట్రానికి చెయ్యిపెట్టే చోటే లేదు. అంటే మనం గొడుగు లేకుండా వానలోనే కాపురం ఉన్నట్టు.

ఆ మధ్య బే ఏరియాలో నాతో పనిచేసే ఒక తమ్ముడి శ్రీమతికి కీమోథెరపీ జరిగింది. మూడో విడతకి ఆ పిల్ల మంచినీళ్ళు కూడా నిలుపుకోలేకపోయింది. క్లినిక్ లో ఎవరో మెడికల్ కార్డు తీసుకోమన్నారు, వీధి చివరే దుకాణం. "డాక్టరే రాసిస్తే ఇంక భయమేంటి అన్నా, ఇక్కడ లీగలే కదా" అన్నాడు. తను హెచ్-1బీ, ఆమె హెచ్-4, గ్రీన్ కార్డు అప్లికేషను ఆఫీసరు బల్ల మీద ఉంది. ఇండియా క్యూ సంగతి మీకు తెలుసు కదా, పదేళ్ళు దాటాక వచ్చిన వంతు. ముందు లాయరు దగ్గరికి పద అన్నాను.

లాయరు చెప్పింది ఇదీ. ఇమిగ్రేషన్ చట్టంలో శిక్ష పడక్కర్లేదు, కేసు కూడా అక్కర్లేదు. డ్రగ్సు చట్టాన్ని ఉల్లంఘించానని మనిషి ఒప్పుకుంటే చాలు, లోపలికి రావడానికి అనర్హత. ఆ ఒప్పుకోలుకి కొన్ని షరతులున్నాయి, మినహాయింపు అడిగే దారి కూడా ఒకటుంది, అది అధికారి దయ. గ్రీన్ కార్డు ఫారంలో ఆ ప్రశ్న సూటిగానే ఉంటుంది: రాష్ట్రానిది గానీ, అమెరికాది గానీ, పరాయి దేశానిది గానీ, డ్రగ్సు చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా? అబద్ధం చెబితే అది ఇంకో నేరం, ఇంకా పెద్దది. సిటిజన్ కి రక్షణగా పనిచేసే ఆ కార్డు, వీసా మనిషి చేతిలో తన మీద తనే రాసుకున్న సాక్ష్యం అన్నమాట. 2019 ఏప్రిల్ లో ఇమిగ్రేషన్ శాఖ దీన్ని ఇంకా తేటగా చెప్పింది: రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా, ఆ దుకాణంలో ఉద్యోగం చేసినా, సిటిజన్‌షిప్ కి కావాల్సిన సత్ప్రవర్తన కింద తేడా వస్తుందని.

మరి ఆ పిల్ల సంగతి? ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. గంజాయిలో పనిచేసే టీహెచ్‌సీ అణువునే ఫ్యాక్టరీలో తయారుచేసి డ్రోనబినాల్ అనే పేరుతో అమ్ముతారు. కీమో వాంతులకి అమెరికా ప్రభుత్వం దీనికి 1985లోనే అనుమతిచ్చింది. ఆంకాలజిస్టు ప్రిస్క్రిప్షన్ రాశాడు, మామూలు మందుల షాపులో ఇచ్చారు, వీసాకి ఏ ఢోకా లేదు. అదే అణువు మొక్కలో ఉంటే పదేళ్ళ నిరీక్షణకి నీళ్ళొదులుకోవాలి. మాత్రలతో వాంతులు పూర్తిగా ఆగలేదు గానీ మజ్జిగన్నం నాలుగు ముద్దలు దిగింది. పొగ అయితే నిమిషాల్లో పనిచేస్తుంది, మాత్ర వాంతిలోనే పోయే రోజులున్నాయి. ఆ రోజుల్లో మా తమ్ముడు వీధి చివరి దుకాణం ముందు నుంచే ఆఫీసుకి వెళ్ళేవాడు.

చట్టాలు సడలుతున్నాయి కదా అనే ఆశావాదులకి రెండు విషయాలు. 2022 అక్టోబరులో బైడెన్ గంజాయి దగ్గరున్నందుకు పడ్డ ఫెడరల్ శిక్షలకి క్షమాభిక్ష ఇచ్చాడు. అది సిటిజన్లకీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ. హెచ్-1బీ వాళ్ళు అందులో లేరు. 2024 మే లో గంజాయిని 1వ షెడ్యూలు నుంచి 3కి దించాలని న్యాయశాఖ ప్రతిపాదించింది. కానీ ఇమిగ్రేషన్ చట్టం ఏ షెడ్యూలు అని అడగదు, షెడ్యూళ్ళలో ఉందా లేదా అనే చూస్తుంది. 1 అయినా 3 అయినా దుకాణంలో కొన్నవాడికి ఒకటే.

ఇండియా సంగతి కూడా చెప్పాలి. 1961 అంతర్జాతీయ ఒప్పందం ఇచ్చిన గడువు దగ్గరపడుతుంటే 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చారు. పూతా, బంకా నిషేధం, ఒట్టి ఆకులు మాత్రం నిర్వచనంలోకి రావు, అందుకే కాశీలో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ లో గంజాయిని అతి ప్రమాదకర జాబితా నుంచి తీసెయ్యాలన్న తీర్మానం 27-25 తో నెగ్గింది. అమెరికా, ఇండియా రెండూ అవునని ఓటేశాయి. అయినా మోకాళ్ళనొప్పులకి మంచివట అని శాన్‌హోసేలో కొన్న గమ్మీలు అమ్మకోసం సూట్‌కేసులో పడేసుకుని శంషాబాదులో దిగితే అది దిగుమతి నేరం, కాలిఫోర్నియా చీటీ అక్కడ చిత్తుకాగితం. విజిట్ మీద వచ్చిన అమ్మానాన్నల చేత ఇక్కడే తినిపించినా, వచ్చే ఏడు వీసా రెన్యువల్ లో ఎవరైనా అడిగితే పాపం వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పేస్తారు.