మూడేళ్ల బీమా.. ఏడాది ధీమా
కొత్త కారు కొనేవారు పాలసీలో చూసుకోవాల్సిన అంశాలు

బంగారుపాళ్యం: కొత్త కారు కొనేటప్పుడు రంగు, మైలేజీ, నెలసరి వాయిదాల గురించి వారాల తరబడి ఆరా తీసేవారు సైతం బీమా దగ్గరికి వచ్చేసరికి షోరూంలో చెప్పిన మొత్తానికి తలూపి సంతకం చేసి వస్తున్నారు. పాలసీపై మూడేళ్ల గడువు కనిపించడంతో అంతవరకు చింత లేదని భావిస్తున్నారు. నిజానికి ఆ మూడేళ్ల గడువు ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే సంబంధించినది. సొంత కారుకు లభించే రక్షణ అత్యధిక పాలసీల్లో తొలి ఏడాదితోనే ముగిసిపోతుంది. రెండో ఏట దానిని పునరుద్ధరించకపోతే కారు నుజ్జయినా, చోరీకి గురైనా పైసా రాదు. చట్టప్రకారం తప్పనిసరి అయినది థర్డ్ పార్టీ బీమా ఒక్కటే కావడంతో వాహన తనిఖీల్లోనూ ఈ లోటు బయటపడదు. ప్రమాదం జరిగిన రోజే తెలిసివస్తుంది.

చిత్తూరు-పలమనేరు జాతీయ రహదారిపై ఉన్న బంగారుపాళ్యం మీదుగా చెన్నై, బెంగళూరు మధ్య సరకు లారీలు రేయింబవళ్లు తిరుగుతుంటాయి. పలమనేరు వైపు మొగిలి ఘాట్ ప్రమాదాలకు పేరుపడింది. 2024 సెప్టెంబరులో ఇక్కడ ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని పలువురు మృతి చెందారు. మామిడి కోతల కాలంలో మార్కెట్‌కు, గుజ్జు పరిశ్రమలకు వచ్చే ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరుతాయి. కౌండిన్య అభయారణ్యం సరిహద్దు గ్రామాల్లో ఏనుగుల సంచారం సరేసరి. ఇలాంటి దారుల్లో నిత్యం తిరిగే కారుకు ఎలాంటి పాలసీ అవసరమో కొనుగోలుకు ముందే తెలుసుకోవడం ఉత్తమం.

ఒకే పాలసీలో రెండు గడువులు

మోటారు వాహనాల చట్టం-1988లోని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా వాహనం రోడ్డెక్కరాదు. ఉల్లంఘిస్తే మొదటిసారి రూ.2 వేలు, ఆ తరువాత రూ.4 వేల జరిమానా విధించవచ్చు. మూడు నెలల వరకు జైలు శిక్షకూ అవకాశం ఉంది. చాలామంది తొలి ఏడాది తరువాత బీమా కట్టకుండా తిరుగుతుండటంతో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది.

సొంత నష్టానికి వర్తించే 'ఓన్ డ్యామేజ్' భాగం మాత్రం వేరు. కారు, థర్డ్ పార్టీ రెండింటికీ కలిపి దీర్ఘకాలానికి ఇచ్చే ప్యాకేజీ పాలసీలను బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) 2020 ఆగస్టు 1 నుంచి ఉపసంహరించింది. అప్పటి నుంచి ఏడాది సొంత నష్టం, మూడేళ్ల థర్డ్ పార్టీ కలిపిన పాలసీయే సర్వసాధారణమైంది. పాలసీ పత్రంలో రెండు గడువు తేదీలు విడివిడిగా ముద్రించి ఉంటాయి. రెండో ఏట ఓన్ డ్యామేజ్ ఒక్కదానినే విడిగా కొనవచ్చు. దానిని పాత కంపెనీలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు.

ప్రీమియంలో బేరం ఎక్కడ?

థర్డ్ పార్టీ ప్రీమియం ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం కొత్త కారుకు మూడేళ్లకు 1000 సీసీ వరకు రూ.6,521, 1000 నుంచి 1500 సీసీ వరకు రూ.10,640, ఆపైన రూ.24,596గా నిర్ణయించారు. దీనికి జీఎస్టీ అదనం. ఓన్ డ్యామేజ్, అదనపు రక్షణల ధరలు మాత్రం కంపెనీని బట్టి మారతాయి. కనుక పోల్చిచూడాల్సింది వీటినే. షోరూం సూచించిన కంపెనీలోనే బీమా తీసుకోవాలని ఎవరూ ఒత్తిడి చేయరాదు. కంపెనీని ఎంచుకునే హక్కు కొనుగోలుదారుదే. పాత కారుపై నో క్లెయిం బోనస్ ఉంటే దానిని కొత్త కారుకు మార్చుకోవచ్చు. బోనస్ వాహనానిది కాదు, యజమానిది. పాత కారు అమ్మినప్పుడే బీమా కంపెనీ నుంచి ఆ మేరకు పత్రం తీసుకోవాలి.

ఐడీవీ తగ్గిస్తే నష్టం మనకే

కారు చోరీకి గురైనా, మరమ్మతుకు వీలులేనంతగా దెబ్బతిన్నా కంపెనీ చెల్లించే గరిష్ఠ మొత్తమే ఐడీవీ. తయారీదారు ప్రకటించిన అమ్మకపు ధర నుంచి తరుగుదల తీసివేసి దీనిని లెక్కిస్తారు. తరుగుదల ఆరు నెలల లోపు కారుకు 5 శాతం, ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ల లోపు 20 శాతం. రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఖర్చు, బీమా ప్రీమియం ఇందులోకి రావు.

ఉదాహరణకు షోరూం ధర రూ.7 లక్షలు ఉన్న కారు రోడ్డు మీదికి వచ్చేసరికి రూ.8 లక్షలు అయిందనుకుందాం. కొత్త కారు ఐడీవీ రూ.6.65 లక్షలు మాత్రమే. మొదటి ఏడాదిలోనే కారు చోరీకి గురైతే మిగిలిన రూ.1.35 లక్షలు యజమాని నష్టపోవాల్సిందే. బ్యాంకు అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఈ తేడాను పూడ్చేందుకే 'రిటర్న్ టు ఇన్వాయిస్' అనే అదనపు రక్షణ ఉంది. అప్పు ఎక్కువగా తీసుకుని కొన్నవారికి ఇది ఉపయోగకరం. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీని తగ్గించి రాయించుకోవడం మంచిది కాదు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారును పూర్తి నష్టం కింద పరిగణిస్తారు.

అదనపు రక్షణల్లో ఏవి అవసరం?

జీరో డిప్రిసియేషన్: మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ భాగాలు, టైర్లు, బ్యాటరీ ధరలో సగమే ఇస్తారు. రూ.12 వేల బంపర్ మార్చాల్సివస్తే రూ.6 వేలు యజమాని భరించాలి. దీనికి తోడు ప్రతి క్లెయింలో 1500 సీసీ వరకు రూ.1,000, ఆపైన రూ.2,000 తప్పనిసరి కోత ఉంటుంది. జీరో డిప్రిసియేషన్ తీసుకుంటే ఈ కోత మినహా మిగతా ధర కంపెనీయే చెల్లిస్తుంది. ఏడాదికి ఎన్ని క్లెయింలు అనుమతిస్తారో ముందే అడగాలి. కొత్త కార్లకు మొదటి కొన్నేళ్లు ఇది తీసుకోదగినదే.

ఇంజిన్ రక్షణ: 2015 డిసెంబరులో చెన్నైలో, 2021 నవంబరులో తిరుపతిలో కురిసిన భారీ వర్షాలకు ఎన్నో వాహనాలు నీట మునిగాయి. వరద నష్టం ఓన్ డ్యామేజ్ పరిధిలోనిదే. అయితే నీట మునిగిన కారును స్టార్ట్ చేయబోయి ఇంజిన్ చెడితే దానిని పర్యవసాన నష్టంగా చెప్పి తిరస్కరించే అవకాశం ఉంది. పల్లపు ప్రాంతాల్లో ఉండేవారు, వాగులు దాటి వెళ్లేవారు ఈ రక్షణ తీసుకోవాలి. ఉన్నా లేకున్నా నీళ్లలో ఆగిన కారుకు తాళం తిప్పకుండా మెకానిక్ వద్దకు లాక్కెళ్లడమే శ్రేయస్కరం.

రోడ్డు సహాయం: వైద్యానికి వేలూరు, ఉద్యోగాలకు బెంగళూరు వెళ్లివచ్చే కుటుంబాలకు ఘాట్‌లో బండి ఆగినప్పుడు అక్కరకు వస్తుంది. నగదు రహిత మరమ్మతు చేసే గ్యారేజీలు చిత్తూరు, పలమనేరు వైపు ఏవి ఉన్నాయో జాబితా చూసుకోవాలి.

తక్కువగా తిరిగే కార్లకు కిలోమీటర్ల లెక్కన ప్రీమియం చెల్లించే పథకాలకు 2022లో ఐఆర్‌డీఏఐ అనుమతించింది. కారు ఎక్కువగా ఇంటి వద్దే ఉండేవారు వీటిని పరిశీలించవచ్చు.

కారులో ఉన్నవారి మాటేమిటి?

ఈ అంశాన్నే ఎక్కువమంది విస్మరిస్తున్నారు. చట్టం కోరే కనీస థర్డ్ పార్టీ పాలసీ ప్రైవేటు కారులో ప్రయాణించేవారికి వర్తించదని, ప్యాకేజీ పాలసీ అయితే వర్తిస్తుందని 2012లో సుప్రీంకోర్టు బాలకృష్ణన్ కేసులో స్పష్టం చేసింది. కుటుంబ సభ్యులను, బంధువులను ఎక్కించుకుని తిరిగేవారు దీనిని గుర్తుంచుకోవాలి. అదనంగా ప్రయాణికులకు వ్యక్తిగత ప్రమాద బీమా కూడా తీసుకోవచ్చు.

యజమాని స్వయంగా నడుపుతూ ప్రమాదానికి గురైతే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వర్తిస్తుంది. అయితే యజమానికి చెల్లుబాటయ్యే డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి. పల్లెల్లో తండ్రి పేరిట కారు కొని కుమారుడు నడపడం పరిపాటి. అలాంటప్పుడు స్టీరింగ్ వద్ద ఉన్న కుమారుడికి ఈ రూ.15 లక్షలు రావు. నడిపేవారి పేరిటే కారు తీసుకోవడం, లేదా వారికి విడిగా ప్రమాద బీమా చేయించడం అవసరం. ఇదివరకే రూ.15 లక్షల ప్రమాద బీమా ఉన్నవారు దీనిని మళ్లీ కొనాల్సిన పనిలేదు. ఈ రక్షణ గడువు ఏడాదా, మూడేళ్లా అన్నదీ పాలసీలో చూసుకోవాలి.

క్లెయిం తిరస్కరించే సందర్భాలు

- లైసెన్సు లేనివారు, మద్యం తాగినవారు కారు నడిపినప్పుడు.
- సొంతానికి తీసుకున్న తెల్ల నంబరు ప్లేటు కారును తిరుమల తదితర ప్రాంతాలకు బాడుగకు తిప్పినప్పుడు.
- కారు కొన్న తరువాత గ్యాస్ కిట్ అమర్చుకుని కంపెనీకి తెలపనప్పుడు.
- ప్రమాదంతో సంబంధం లేని యంత్ర లోపాలు, అరుగుదల.

ప్రమాదం జరిగితే వెంటనే కంపెనీకి సమాచారం ఇచ్చి, వీలైతే కారును కదిలించకముందే ఫొటోలు తీయాలి. చోరీ అయితే పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్‌ఐఆర్ ప్రతి తీసుకోవాలి. చిన్న గీతలకు క్లెయిం చేస్తే బోనస్ పోతుంది. క్లెయిం లేకుంటే రెండో ఏట ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం, అలా పెరుగుతూ 50 శాతం వరకు తగ్గింపు లభిస్తుంది. గడువు ముగిసిన 90 రోజుల్లోగా పునరుద్ధరించకపోతే కూడబెట్టిన బోనస్ మొత్తం రద్దవుతుంది.

ఫిర్యాదు ఎవరికి?

ముందుగా బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా తెలపాలి. పరిష్కారం లభించకుంటే ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' టోల్‌ఫ్రీ నంబర్లు 155255, 1800 4254 732లో సంప్రదించవచ్చు. కంపెనీ 30 రోజుల్లో స్పందించకపోయినా, జవాబు సంతృప్తికరంగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఇందుకు ఎలాంటి రుసుము లేదు.

కారు ఇంటికి తెచ్చిన రోజే పాలసీ పత్రం తీసి ఓన్ డ్యామేజ్ గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఇంట్లోని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాలి. షోరూం వారు ఫోన్ చేసి గుర్తుచేస్తారని ఎదురుచూడటం కంటే ఇది మేలు.