జూదవ్యసనం: నేరం నుంచి రుగ్మత వరకు

మత్తు పదార్థమేదీ ఒంట్లోకి వెళ్లకుండా, కేవలం ఒక పనికే మనిషి బానిస కాగలడా అన్న ప్రశ్న ఆధునిక మనోవైద్యంలో నేటికీ పూర్తిగా తేలలేదు. ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తానికి మాత్రం ఆ విషయంలో సందేహమున్నట్టు కనిపించదు. అక్షసూక్తంగా పేరొందిన ఆ రచన తాండ్రకాయలతో జూదమాడే ఒకడి గోడు: భార్య దూరమైంది, అత్తగారు ఈసడించుకుంటోంది, తల్లిదండ్రులూ అన్నదమ్ములూ ఇతడెవరో తమకు తెలియదంటున్నారు, ఇక ఆడరాదని అతడు గట్టిగా అనుకుంటాడు గాని, కాయలు పడ్డ చప్పుడు చెవిన పడగానే మళ్లీ అటే వెళతాడు. అర్థశాస్త్రం జూదాన్ని వేట, స్త్రీలోలత్వం, మద్యపానాలతో పాటు కామం వల్ల పుట్టే వ్యసనాల్లో చేర్చింది; అదే గ్రంథం జూదశాలలపై ద్యూతాధ్యక్షుణ్ణి నియమించి, గెలుపులో నూటికి 5 వంతులు రాబట్టమంది. ఖజానాకు రాబడి తెచ్చే దురలవాటును ఏ ప్రభుత్వమూ మనసారా ద్వేషించలేదన్నది అప్పటికే తెలిసిన సంగతి కాబోలు.

బ్రిటిష్ పాలనలో వచ్చిన 1867 నాటి జూద చట్టం ఈ వ్యవహారాన్ని పోలీసుల పరం చేసింది. జూదగృహం నడపడం, అందులో పట్టుబడడం నేరాలయ్యాయి గాని, నైపుణ్యంతో ఆడే ఆటలకు మినహాయింపు దక్కింది. నిజాం రాజ్యంలో 1305 ఫసలీలో వచ్చిన హైదరాబాద్ జూద చట్టం కూడా అదే దారి పట్టింది. ఆ మినహాయింపు ఎంత దూరం వర్తిస్తుందో తేల్చింది ఒక సికింద్రాబాద్ కేసు. 1963 మే 4న పోలీసులు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేయగా హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. మూడుముక్కలాటలాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదనీ, పడిన ముక్కలను గుర్తుపెట్టుకుని, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో ఎంచుకోవడంలో నేర్పు ఉంటుందనీ, అందువల్ల అది ప్రధానంగా నైపుణ్యపు ఆటేననీ 1967 నవంబరులో న్యాయస్థానం తేల్చింది. తర్వాతి కాలపు క్లబ్బులూ, ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలూ తమ వాదనకు ఆధారంగా చూపుకుంటూ వచ్చింది ఈ తీర్పునే.

తీర్పులో తర్కదోషమేమీ లేదు. కాకపోతే చట్టం పరీక్షించింది ఆటను, ఆటగాణ్ణి కాదు. ఆటగాడి సంగతి పట్టించుకున్నది మరో చోట. 1957లో లాస్ ఏంజెలెస్‌లో జూదరులు తాగుబోతుల స్వయంసహాయక సంఘాల నమూనాలో తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. 1972లో ఓహాయో రాష్ట్రం బ్రెక్స్‌విల్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో రాబర్ట్ కస్టర్ అనే మనోవైద్యుడు జూదరులకు చికిత్స మొదలుపెట్టాడు. 1980లో అమెరికన్ మనోవైద్య సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం మూడవ ముద్రణలో జూదాన్ని రుగ్మతగా గుర్తించింది గాని, దొంగతనం చేయాలనే, నిప్పు పెట్టాలనే ఆపుకోలేని ప్రేరణల సరసన ఉంచింది. 2013 నాటి అయిదవ ముద్రణలో అది మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల అధ్యాయంలోకి మారింది; అర్థశాస్త్రకారుడు ఎప్పుడో కూర్చోబెట్టిన పంక్తికే చేరిందనవచ్చు.

ఈ మార్పు వెనుక మెదడుపై జరిగిన పరిశోధన ఉంది. పార్కిన్సన్ వ్యాధికి డోపమిన్ అనే నాడీరసాయనాన్ని అనుకరించే మందులు వాడిన రోగుల్లో, అంతకుముందు జూదం వాసనే ఎరుగని కొందరు జూదానికి అలవాటుపడి, మందు ఆపాక మానేశారు. గెలుపు త్రుటిలో తప్పిపోయినప్పుడు కూడా ప్రతిఫలానికి స్పందించే మెదడు భాగాలు చురుకెక్కుతాయని 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. ఆ ప్రయోగం జరిగింది స్లాట్ యంత్రపు ఆటతో. పదమూడు ముక్కల రమ్మీలో వరసలు కుదిరి, ఒక్క ముక్క కోసం కాచుకున్నవాడి ముందే అవతలివాడు షో కొడితే, ఓడినవాడికి అది ఓటమిలా కాక అందినట్టే అంది జారిన గెలుపులా తోస్తుంది. ఇందులో నేర్పు కూడా ఉందన్న నమ్మకం, మరుసటి ఆటలో సరిదిద్దుకోవచ్చన్న ఆశను ఇంకా పెంచుతుందే గాని తగ్గించదు. చట్టం దృష్టిలో రక్షణ అయిన గుణమే రోగి విషయంలో ఉచ్చు కావచ్చు.

జూదం విషయంలో ఏకాభిప్రాయం దాదాపు కుదిరింది గాని వీడియో గేముల విషయంలో కుదరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ, ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా దానికే పెద్దపీట వేయడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం సాధారణంగా ఏడాదిపాటు ఉంటే రుగ్మతగా పరిగణిస్తుంది. మాదకద్రవ్యాలకు తయారైన కొలమానాలను యథాతథంగా ఆటలకు తగిలించారనీ, కుంగుబాటుతో బాధపడుతూ ఆటలో తలదాచుకునేవాడికి ఆటే జబ్బని పేరు పెడితే అసలు జబ్బు మరుగున పడుతుందనీ కొందరు పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. పేరంటూ లేకపోతే చికిత్సకు దారే ఉండదని వైద్యుల వాదన. బెంగళూరు నిమ్హాన్స్ 2014లోనే ఇలాంటివారి కోసం ప్రత్యేక క్లినిక్ తెరిచింది. రెండు వాదాల్లోనూ బలముంది గాని, మొదటిది రోగనిర్ధారణలో జాగ్రత్త కోరేదే తప్ప రోగమే లేదనడానికి చాలదు.

చట్టం మాత్రం ఈ మధ్యనే దారి మార్చుకుంది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బుతో కూడిన ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయితే అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, డబ్బు పందెం లేని ఆన్‌లైన్ ఆటలను ప్రోత్సహించదగినవిగా గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన గేమింగ్ రుగ్మతకు మాత్రం డబ్బు పందెంతో పనిలేదు.