కడుపు మీద దెబ్బ: చట్టం ఎవరి బిడ్డని చూసింది?

1996 జూలై 11న బీహార్‌లోని భోజ్‌పూర్ జిల్లా బథానీ టోలాలో రణవీర్ సేన 21 మందిని చంపింది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలూ. 1997 డిసెంబర్ 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని చంపింది. ఆడవాళ్ళని ఎందుకు చంపారయ్యా అంటే, నక్సలైట్లని కంటారు కాబట్టి అని సేన తరఫువాళ్ళు దాపరికం లేకుండానే చెప్పుకున్నారు. అంటే భూస్వాముల సేనకి ఇంకా పుట్టని బిడ్డ కూడా శత్రువే. చంపేవాడు ఆ బిడ్డని లెక్కలో వేసుకున్నాడు. మరి చట్టం వేసుకుందా?

అసలు వేసుకోలేదని అనడానికి లేదు. మెకాలే నాయకత్వాన లా కమిషన్ 1837లో ముసాయిదా తయారుచేసిన భారత శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 299వ సెక్షన్ మూడో వివరణ ప్రకారం తల్లి కడుపులో ఉన్న బిడ్డని చంపడం నరహత్య కాదు. బిడ్డ శరీరంలో ఏ కొంత భాగమైనా బయటికి వచ్చాక చంపితే నరహత్య కావొచ్చు. అయితే కడుపులో బిడ్డని పూర్తిగా వదిలెయ్యలేదు. స్త్రీ ఒప్పుకోలు లేకుండా గర్భం పోగొడితే 313 కింద యావజ్జీవ శిక్ష దాకా వెయ్యొచ్చు. ప్రాణం పోయేంత దాడి చేసినప్పుడు తల్లి బతికి, కదలిక వచ్చిన బిడ్డ కడుపులోనే చనిపోతే 316 కింద పదేళ్ళ దాకా వెయ్యొచ్చు.

కాగితం మీద ఇంత ఉంది. కానీ ఈ చట్టం చూపు ఎటు తిరిగిందనేది చరిత్రలో చూడాలి. 312వ సెక్షన్ గర్భం తీయించుకున్న స్త్రీని కూడా ముద్దాయిని చేసింది. వలసపాలనలో పేరుకెక్కిన కేసులు చాలావరకు అగ్రకుల వితంతువుల చుట్టూ తిరిగాయి. మళ్ళీ పెళ్ళి చేసుకోనివ్వని కులధర్మమే వాళ్ళని ఆ స్థితికి తెచ్చింది, శిక్ష మాత్రం వాళ్ళకే పడింది. ఫూలే దంపతులు 1863లో పూనాలో అలాంటి స్త్రీలు రహస్యంగా వచ్చి పురుడు పోసుకోవడానికి ఆశ్రయం ఇచ్చారు. అలా పుట్టిన యశ్వంత్‌ని తామే పెంచుకున్నారు. 1881లో సూరత్‌లో ఒక బ్రాహ్మణ వితంతువుకి బిడ్డని చంపిందని ఉరిశిక్ష వేసి, తర్వాత ద్వీపాంతరానికి మార్చారు. ఆ కేసు మీద రేగిన దుమారమే తారాబాయి షిండే చేత 1882లో 'స్త్రీ పురుష తులన' రాయించింది. కులం పరువు కాపాడ్డానికి చట్టం వితంతువు కడుపులోకి తొంగిచూసింది. పొలంలో నెలలు నిండిన కడుపుతో వంగి కలుపు తీసే మాల, మాదిగ స్త్రీ కడుపు ఎవరికీ పట్టలేదు. ఆమె గర్భంలో ఉన్నది దొరకి రేపటి పాలేరు, అంతే.

అదే శిక్షాస్మృతిలో తీవ్రమైన గాయాలేవో చెప్పే 320వ సెక్షన్ చదవండి. ఎనిమిది రకాలుంటాయి. మొట్టమొదటిది మగతనం పోగొట్టడం. కన్ను, చెవి, కీలు, ఎముక, పన్ను దాకా ఉన్నాయి. ఆడదాని కడుపు పోవడం ఆ జాబితాలో పేరు పెట్టి లేదు. మగవాడి నష్టాన్ని పేరు పెట్టి రాసినవాళ్ళకి ఆడదాని నష్టం గాయంగా తోచలేదు.

అంబేద్కర్ దారి వేరు. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సదుపాయాల బిల్లుని ఆయన సమర్థించారు. కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి కావాలనీ, అది దేశం ప్రయోజనమేననీ, ఆ భారం ఎక్కువ భాగం ప్రభుత్వం మొయ్యాలనీ వాదించారు. బిడ్డని తల్లి నుంచి విడదీసి చూడలేదు. తల్లిని కాపాడితే బిడ్డ దక్కుతుందనేదే ఆ వాదన సారం. ఆ బిల్లు 1929లో చట్టమైంది, కానీ ఫ్యాక్టరీలకే. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం కూడా ఫ్యాక్టరీలు, గనులు, తోటల దాకా వెళ్ళింది గాని వరిపొలంలో రోజుకూలీ దగ్గరికి రాలేదు.

కారంచేడు 1985లో జరిగింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దాని సెక్షన్ 3(2)(5) ప్రకారం దళితుల మీద పదేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరం చేస్తే యావజ్జీవ శిక్ష. 313, 316 రెండూ ఆ కొలతకి అందుతాయి. కానీ 'దళితులు కాబట్టే చేశారు' అని రుజువు చెయ్యాలనే మెలిక 2016 జనవరి 26 దాకా ఉంది. 2015 సవరణతో, బాధితులు దళితులని తెలిసి చేస్తే చాలు అని మారింది. ఇంకో చిక్కు మిగిలే ఉంది. ఈ చట్టం 'వ్యక్తి' మీద నేరం అంటుంది. పుట్టని బిడ్డ వ్యక్తి కాదని ముద్దాయి వకీలు లేస్తాడు. అందుకు జవాబు, ఆ నేరం తల్లి మీద జరిగిందనే.

బిడ్డని విడిగా బాధితుణ్ణి చేస్తే సరిపోదా అని కొందరంటారు. అమెరికా అనుభవం చూడాలి. అక్కడ 2004లో కేంద్ర చట్టమే కడుపులో బిడ్డని హింసాత్మక నేరాల్లో వేరే బాధితుడిగా గుర్తించింది. గర్భస్రావానికి ఒప్పుకున్న స్త్రీకీ, తల్లికీ అది వర్తించదని అందులోనే రాశారు. కొన్ని రాష్ట్రాల్లో ఆ ఆలోచన ఎంత దూరం పోయిందంటే, 2018 డిసెంబర్‌లో అలబామాలో ఐదు నెలల గర్భవతి అయిన ఒక నల్లజాతి స్త్రీకి గొడవలో కడుపులో తుపాకి గుండు తగిలి బిడ్డ పోతే, 2019లో గ్రాండ్ జ్యూరీ నేరం మోపింది ఆమె మీదనే. గొడవ ఆమే మొదలుపెట్టిందన్నారు. దేశమంతా గగ్గోలెత్తాక ఆ జూలైలో కేసు ఎత్తేశారు. బిడ్డని తల్లి నుంచి విడదీస్తే ఆ కత్తి చివరికి ఎవరి మీదికి వస్తుందో నల్లవాళ్ళని చూసి మనం నేర్చుకోవాలి.

2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 313 పోయి 89 అయింది, 316 పోయి 92 అయింది. అంకెలు మారాయి, మాటలు దాదాపు అవే. బథానీ టోలాలో కింది కోర్టు శిక్షించిన 23 మందినీ 2012లో, బాథేలో 26 మందినీ 2013లో పాట్నా హైకోర్టు విడుదల చేసింది. చుండూరు ముద్దాయిల్ని 2014లో మన హైకోర్టు వదిలేసింది. పుట్టి పెరిగినవాళ్ళ చావుకే దిక్కు లేనప్పుడు పుట్టనివాళ్ళ గురించి ఎందుకంటే, ఇందుకే: ఫిర్యాదులో రాయనిది కోర్టులో ఉండదు. గూడెం మీద దాడి జరిగినప్పుడు ఏ స్త్రీకి ఎన్నో నెల, దెబ్బ ఎక్కడ తగిలింది, కదలిక ఎప్పుడు ఆగింది అనేది ఎఫ్.ఐ.ఆర్.లోనూ డాక్టరిచ్చే గాయాల సర్టిఫికెట్‌లోనూ మొదటిరోజే ఎక్కించాలి. మామూలు కొట్లాట కింద రాసి పంపిస్తామంటే ఊరుకోకూడదు. ఆమె కడుపు పోవడం ఆమె మీద జరిగిన అత్యాచారం. ఆమె పేరుతోనే అది రికార్డుకి ఎక్కాలి.