మానెయ్యమని చెప్పొద్దు

ఇబ్రహీంపట్నంలో ఎక్కిన బస్సు మిమ్మల్ని మంచాల ఊళ్లో దించి వెళ్లిపోయింది. మీతోపాటు దిగిన అమ్మాయి ఎమ్మెస్‌డబ్ల్యూ రెండో సంవత్సరం, ఫీల్డ్‌వర్క్‌కు వచ్చింది. ఆ వెనక ఉన్నది ఆమె సూపర్‌వైజర్. డీ-అడిక్షన్ వార్డులో ఏళ్లతరబడి పనిచేసిన మేడం. ఆమె షరతు ఒక్కటే: ఇవాళ ఎవరినీ ఏదీ మానెయ్యమని అనకూడదు.

అరుగు మీద అవ్వ కూర్చుంది. కొంగు పట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి. పక్కన చోటుంది, మీరూ కూర్చోండి.

"రాత్రి నిద్ర పట్టిందా అవ్వా?"

"యాడి నిద్ర బిడ్డా! ఒళ్లంత పురుగులు పాకినట్టయితాంది. కల్లు ముట్టక రెండు దినాలాయె. కొడుకు తాగొద్దన్నడు."

'మంచి పని చేశావు' అనబోయింది అమ్మాయి. మేడం వైపు చూసి ఆగింది. కాస్త ఆలోచించి అడిగింది: "చెట్టు కల్లా అవ్వా, మందు కల్లా?"

"చెట్టు కల్లు ఇప్పుడు యాడ దొరుకుతది? మందు కల్లే. అది పడితేనే కన్ను మూతబడ్తది."

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ ప్రశ్నావళిని ఈ అమ్మాయి క్లాసులో చదివింది. పది ప్రశ్నలూ మద్యం గురించే. అవ్వ సీసాలో మాత్రం ఆల్కహాల్‌తోపాటు అల్ప్రాజోలమో డయాజెపామో లాంటి మత్తుమందు కలిసి ఉండొచ్చు. రోజూ ఒంట్లోకి వెళ్లే ఆ మందు ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, నిద్రలేమి, మతి తప్పడం, ఫిట్స్. ప్రాణమే పోవచ్చు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులకు జనం ఇలాగే పరుగెత్తారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి కిటకిటలాడింది. మందు మోతాదును మెల్లమెల్లగా తగ్గించడం డాక్టరు పని. ఆ డాక్టరు దాకా మనిషిని ప్రాణాలతో చేర్చడం కౌన్సెలర్ పని. తెలంగాణలో సోషల్ వర్క్ చదివే ప్రతి ఒక్కరికీ మొదటి పాఠం ఇదే కావాలని గట్టిగా నమ్ముతాను.

"ఇదివరకు ఎప్పుడన్నా ఫిట్స్ వచ్చినయా?" మేడం అడిగింది. ఒకసారి వచ్చాయట. ఆమె లేచి అవ్వ కొడుకును పిలిచింది.

"దవాఖానకు పోదామా అవ్వా, ఇప్పుడే?"

"ఎర్రగడ్డకా? నాకేమన్న పిచ్చా?"

వాదించి గెలవాలని ఎవరికైనా అనిపించే చోటు ఇది. అమెరికా సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లో రాసిన వ్యాసంలో ఇక్కడే దారి మార్చాడు: ఒప్పించబోకు, ఎదుటి మనిషి మాటలోని బరువును వాళ్లకే వినిపించు. తర్వాత అదే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌గా ప్రపంచమంతా పాకింది.

"నలుగురూ ఏమనుకుంటరో అని బుగులైతాందా?"

అవ్వ చాలాసేపు పలకలేదు. మీకూ ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. అనకండి.

"నాకెందుకు బిడ్డా బుగులు? మనుమరాలికి సంబంధాలు చూస్తున్నం."

ఏ ఫారంలోనూ గడి లేని జవాబు. అమ్మాయి అవ్వ చెయ్యి పట్టుకుంది. ముందు ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానకే పోదామని, అక్కడి డాక్టరు చూసినంక ఏం చెయ్యాల్నో అందరం కలిసి మాట్లాడుకుందామని చెప్పింది. రాత్రిపూట దిగులైతే ఫోన్ చెయ్యమని టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చింది.

ఆటో వచ్చింది. మేడం ముందే ఎక్కి, అవ్వను తన పక్కన కూర్చోబెట్టుకుంది. కొడుకు డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాడు.

"అన్నా, రోజుకు ఎన్ని సీసాలు తాగేదో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పు," అంటోంది అమ్మాయి. "సిగ్గుపడి తక్కువ చెప్పకు. ఆ లెక్క చూసే మందు రాస్తరు."