అజహరుద్దీన్ తప్పు చేశాడా? జవాబు ఎందుకు దొరకలేదు?

ఇక్కడ డిగ్నాబాద్‌లో మన తెలుగువాళ్లు నలుగురు చేరిన చోట క్రికెట్ మాట రాకుండా ఉండదు. ఆ నలుగురిలో యాభై దాటినవాళ్లుంటే అజహరుద్దీన్ పేరు రాకుండా ఉండదు. వెంటనే రెండు పార్టీలు తయారవుతాయి. "అమ్ముడుపోయాడండీ, అందరికీ తెలిసిందే" అని ఒక పార్టీ. "హైకోర్టే కొట్టేసింది కదా, మన హైదరాబాదు వాణ్ణి అన్యాయంగా బలి చేశారు" అని రెండో పార్టీ. ఇద్దరూ చాలా నమ్మకంగా చెప్తారు. ఏ కాగితం చూసి అంత నమ్మకం కుదిరింది అని అడిగితే మాత్రం ఇద్దరి దగ్గరా సమాధానం ఉండదు.

నమ్మకానికీ సాక్ష్యానికీ తేడా చెప్పడమే హేతువాదుల పని కాబట్టి ఈ విషయం రాస్తున్నాను. అజహరుద్దీన్ తప్పు చేశాడా లేదా అన్నది నేను తేల్చబోవడం లేదు. తేల్చాల్సినవాళ్లు తేల్చే పద్ధతిలో తేల్చలేదు. అసలు అన్యాయం అదేనని, అది ఆటగాడికి ఒక్కడికే కాదు, టికెట్టు కొన్న మనకూ జరిగిందని చెప్పడమే నా ఉద్దేశం.

2000లో ఏం జరిగింది?

2000 ఏప్రిల్ 7న దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే మీద కేసు పెట్టినట్టు ఢిల్లీ పోలీసులు ప్రకటించారు. బుకీ సంజీవ్ చావ్లాతో ఆయన ఫోన్లో మాట్లాడిన మాటలు రికార్డయ్యాయి. క్రోన్యే మొదట కాదన్నాడు. నాలుగు రోజులు తిరగకుండానే తాను పూర్తి నిజం చెప్పలేదని ఒప్పుకున్నాడు. కెప్టెన్సీ పోయింది. జూన్‌లో జస్టిస్ కింగ్ కమిషన్ ముందు కూర్చుని, 1996లో కాన్పూర్ టెస్టు సమయంలో తనకు ఒక బుకీని పరిచయం చేసింది అజహరుద్దీన్ అని చెప్పాడు. అజహరుద్దీన్ ఖండించాడు.

మన దగ్గర 1997లోనే ఒకసారి ఇలాంటి ఆరోపణలు వచ్చాయి. బోర్డు జస్టిస్ వై.వి. చంద్రచూడ్‌తో ఏకసభ్య విచారణ జరిపించింది. ఆధారాలు లేవని తేలింది. మూడేళ్లు తిరిగేసరికి కేంద్ర ప్రభుత్వం అదే విషయాన్ని సీబీఐకి అప్పగించాల్సి వచ్చింది. 2000 జులైలో ఆదాయపు పన్ను శాఖ క్రికెటర్ల ఇళ్లమీద దాడులు చేసింది. అక్టోబరు ఆఖరుకు సీబీఐ నివేదిక తయారైంది. బోర్డు సీబీఐలో జాయింట్ డైరెక్టరుగా చేసిన కె. మాధవన్‌ను నియమించి ఇంకో నివేదిక తెప్పించుకుంది. డిసెంబరు 5న శిక్షలు ప్రకటించింది. అజహరుద్దీన్‌కూ అజయ్ శర్మకూ జీవితకాల నిషేధం. అజయ్ జడేజాకూ మనోజ్ ప్రభాకర్‌కూ ఐదేళ్లు.

అంటే సీబీఐ నివేదిక వచ్చిన దగ్గర్నుంచి జీవితకాల శిక్ష దాకా పట్టింది సుమారు ఐదు వారాలు! 99 టెస్టులు, 22 సెంచరీలు ఉన్న మనిషి. ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ కొట్టినవాడు. 2000 మార్చిలో బెంగళూరులో ఆడిన చివరి టెస్టులో కూడా సెంచరీ కొట్టాడు. నూరో టెస్టు మాత్రం ఆడలేదు.

అంత గొప్పవాడు కాబట్టి వదిలెయ్యాలి అని నేననడం లేదు. ఆ మాట అభిమాని అంటాడు. సెంచరీలు నిజాయితీకి రుజువు కావు. అలాగే ఆరోపణ కూడా నేరానికి రుజువు కాదు.

ఒప్పుకోలు వేరు, సాక్ష్యం వేరు

అజహరుద్దీన్ తమ ముందు కొన్ని విషయాలు ఒప్పుకున్నాడని సీబీఐ నివేదిక చెప్పింది. ఆయన తర్వాత వాటిని ఖండిస్తూనే వచ్చాడు. "ఒప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి?" అని చాలామంది అడుగుతారు. మన దేశంలో పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద రుజువుగా పనికిరాదని 1872 నాటి సాక్ష్యాల చట్టం 25వ సెక్షన్ చెప్పింది. తెల్లవాడు తెచ్చిన చట్టమే అయినా ఆ రూలు ఎందుకు పెట్టాడో మన పోలీస్ స్టేషన్ల సంగతి తెలిసినవారికి వివరించనక్కర్లేదు.

నేను ఉద్యోగం చేసింది డిఫెన్స్ అకౌంట్స్‌లో. స్టోర్లలో సామాను తగ్గితే మిలిటరీలో కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేస్తారు. ఆ ఫైళ్లు మా బల్లల మీదికి వచ్చేవి. ఆర్మీ రూల్స్‌లో 180వ రూలు ఒకటుంది. ఎంక్వైరీలో ఒక మనిషి పరువుకు సంబంధించిన మాట వస్తే, విచారణ సాగినంతసేపూ అతన్ని అక్కడ ఉండనివ్వాలి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వాలి. 182వ రూలు ప్రకారం ఎంక్వైరీలో ఇచ్చిన వాంగ్మూలాన్ని కోర్ట్ మార్షల్‌లో ఆ మనిషి మీద సాక్ష్యంగా వాడకూడదు, అబద్ధపు సాక్ష్యం కేసయితే తప్ప. ఎంక్వైరీ అనేది ఏం జరిగిందో తెలుసుకోవడానికి. నేరం రుజువు చెయ్యడానికి వేరే విచారణ జరగాలి. స్టోర్ కీపరు విషయంలో పాటించే ఈ జాగ్రత్త దేశపు కెప్టెన్ విషయంలో అక్కర్లేదా?

సీబీఐ చేసింది ప్రాథమిక విచారణ. ఉన్న చట్టాల కింద క్రిమినల్ కేసు నిలబడటం కష్టమని ఆ సంస్థే చెప్పింది. ఆడిట్ భాషలో చెప్పాలంటే అది ఆడిట్ అబ్జెక్షన్ మాత్రమే. అబ్జెక్షన్‌కు జవాబు తీసుకోవాలి, వోచర్లు సరిచూడాలి, ఆ తర్వాతే రికవరీ. ఇక్కడ అబ్జెక్షన్నే రికవరీ ఆర్డరుగా వాడుకున్నారు.

ఒకే బుకీ, రెండు రకాల ఫలితాలు

సీబీఐ నివేదికకు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి బుకీ ముఖేష్ గుప్తా చెప్పిన మాటలు. అతను మనవాళ్లనే కాదు, విదేశీ ఆటగాళ్ల పేర్లు కూడా చెప్పాడు. ఇంగ్లండ్ ఆటగాడు అలెక్ స్టూవర్ట్ వారిలో ఒకడు. ఐసీసీ అవినీతి నిరోధక విభాగం పాల్ కాండన్ ఆధ్వర్యంలో విచారణకు దిగి, ఆ మాటలకు కట్టుబడి సాక్ష్యం చెప్పమని గుప్తాను అడిగింది. 2001లో అతను ముందుకు రాలేదు. దాంతో స్టూవర్ట్ మీద ఆరోపణ నిలవలేదు. సరైన పని. ప్రమాణం చేసి చెప్పని మాటతో మనిషిని శిక్షించకూడదు. కానీ అదే మనిషి మాటలున్న నివేదిక చేతిలో పెట్టుకుని అంతకు ఏడు నెలల ముందే మన బోర్డు జీవితకాల నిషేధాలు వేసేసింది! ఒకే తూకపు రాయి లండన్‌లో ఒక బరువు, ముంబైలో ఇంకో బరువు తూగింది.

ఫిర్యాదుదారుడే జడ్జి

లెక్కల పనిలో మొదటి పాఠం ఏమిటంటే, డబ్బు ఖర్చుపెట్టేవాడు, బిల్లు పాస్ చేసేవాడు, లెక్క తనిఖీ చేసేవాడు ఒక్కడే కాకూడదు. క్రికెట్ బోర్డు వ్యవహారం చూడండి. జట్టు బోర్డుది. పోయిన పరువు బోర్డుది. విచారణ అధికారిని నియమించింది బోర్డు. శిక్ష వేసింది బోర్డు. మాధవన్ సమర్థుడే కావచ్చు, ఆయన నిజాయితీని నేను శంకించడం లేదు. లోపం మనిషిలో కాదు, ఏర్పాటులో ఉంది.

ఈ ఏర్పాటు ఎటు మొగ్గుతుందో 2013లో ఇంకా బాగా బయటపడింది. ఐపీఎల్ గొడవలో ఆ ఏడాది మే 16న శ్రీశాంత్‌నూ మరో ఇద్దరు రాజస్థాన్ ఆటగాళ్లనూ ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. కొద్ది రోజులకే బోర్డు అధ్యక్షుడు శ్రీనివాసన్ అల్లుడు గురునాథ్ మెయ్యప్పన్ బెట్టింగ్ ఆరోపణలతో అరెస్టయ్యాడు. జట్ల యజమానుల సంగతి చూడటానికి బోర్డు ఇద్దరు రిటైర్డ్ జడ్జీలతో ప్యానెల్ వేసింది. జులై ఆఖర్లో ఆ ప్యానెల్ ఏ తప్పూ కనబడలేదంది. రెండు రోజుల్లో బొంబాయి హైకోర్టు ఆ ప్యానెల్ ఏర్పాటే చట్టవిరుద్ధమని చెప్పింది. సెప్టెంబరులో శ్రీశాంత్‌కు మాత్రం జీవితకాల నిషేధం వేశారు. యజమానుల సంగతి తేలడానికి సుప్రీంకోర్టు వేసిన ముద్గల్ కమిటీ, ఆ తర్వాత లోధా కమిటీ కావలసి వచ్చాయి. చెన్నై, రాజస్థాన్ జట్లను రెండేళ్లు పక్కన పెట్టింది 2015 జులైలో. శ్రీశాంత్‌ను అదే నెలలో ఢిల్లీ కోర్టు కేసు నుంచి విడుదల చేసింది. అయినా నిషేధం అలాగే ఉంది. 2019లో సుప్రీంకోర్టు శిక్షను మళ్లీ పరిశీలించమంటే ఏడేళ్లకు తగ్గించారు.

ఈ రోగం మనకొక్కరికే అని కాదు. 1995లో షేన్ వార్న్‌కూ మార్క్ వాకూ బుకీ దగ్గర డబ్బు తీసుకున్నందుకు ఆస్ట్రేలియా బోర్డు రహస్యంగా జరిమానా వేసి, 1998 డిసెంబరు దాకా దాచింది. పాకిస్తాన్‌లో విచారణ చేసిన జస్టిస్ ఖయ్యూం, వసీం అక్రమ్ విషయంలో తాను కొంచెం మెత్తగా ఉన్నానని తర్వాత తానే అన్నాడు. న్యాయం మనిషి అభిమానం మీద నడిస్తే ఇంతే.

పన్నెండేళ్ల తర్వాత

అజహరుద్దీన్ హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వెళ్లాడు. 2003లో ఓడిపోయాడు. హైకోర్టుకు వెళ్లాడు. 2012 నవంబరు 8న జస్టిస్ అశుతోష్ మొహంతా, జస్టిస్ జి. కృష్ణమోహన్ రెడ్డిల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ధర్మాసనం నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది. నిషేధం వేసినప్పుడు ఆయన వయసు 37. తీర్పు వచ్చేసరికి 49.

ఈ తీర్పు గురించి రెండు పార్టీలవాళ్లూ గమనించాల్సిన విషయం ఒకటుంది. బోర్డు వేసిన శిక్ష చట్టం ముందు నిలబడదని కోర్టు చెప్పింది. 1990ల్లో ఏ హోటల్ గదిలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో తేల్చడానికి ఆ దావా లేదు. కాబట్టి "దోషి" అనేవాడి దగ్గర తీర్పు లేదు. "జరిగింది శుద్ధమైన ఆటే" అనేవాడి దగ్గరా తీర్పు లేదు. శిక్ష చెల్లదంటే నిందితుడు నిర్దోషిగానే లెక్క, అది న్యాయసూత్రం. దాన్ని నేను గౌరవిస్తాను. కానీ చరిత్ర పుస్తకంలో ఆ పేజీ ఖాళీగానే మిగిలింది.

ఆ ఖాళీని ఓట్లతో నింపేశారు కొందరు. 2009లో మొరాదాబాద్ నుంచి ఎంపీ అయ్యాడు, 2019లో హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ అధ్యక్షుడయ్యాడు, 2025లో తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశాడు, ఇంకేం కావాలి అంటారు. ఓట్లు సాక్ష్యాలు కావు. అదే నోటితో ఇంకోటి కూడా చెప్పాలి. అసోసియేషన్ నిధుల విషయంలో 2023లో ఆయన మీద కేసులు నమోదైతే, "చూశారా, అప్పుడే చెప్పాం" అన్నవాళ్లున్నారు. కేసు నమోదు కావడం కూడా సాక్ష్యం కాదు. అక్కడా వోచర్లు చూడాలి, ఆయన జవాబు వినాలి.

చట్టం ఏదీ?

2010 లార్డ్స్ టెస్టులో నోబాల్స్ వేయించిన వ్యవహారంలో సల్మాన్ బట్, ఆసిఫ్, ఆమిర్‌లను 2011 నవంబరులో లండన్ కోర్టు జైలుకు పంపింది. పదిహేను నెలల్లో జ్యూరీ, సాక్ష్యాలు, శిక్షలు అన్నీ అయిపోయాయి. ఎందుకంటే జూదంలో మోసాన్ని నేరంగా చెప్పే చట్టం 2005లోనే అక్కడ వచ్చింది. మన దగ్గర క్రోన్యే కేసులో ఢిల్లీ పోలీసులు చార్జిషీటు వేసింది 2013లో. అప్పటికి క్రోన్యే విమాన ప్రమాదంలో చనిపోయి పదకొండేళ్లు. సంజీవ్ చావ్లాను ఇంగ్లండ్ నుంచి తీసుకొచ్చింది 2020లో!

మ్యాచ్ ఫిక్సింగ్‌ను ప్రత్యేక నేరం చెయ్యాలని లా కమిషన్ 2018లో తన 276వ నివేదికలో చెప్పింది. ఆ చట్టం రాలేదు. 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు ఒక కేసు కొట్టేస్తూ, ఫిక్సింగ్ 420 సెక్షన్ కింద మోసం కిందికి రాదంది. ప్రేక్షకుడు టికెట్టు తనంతట తానే కొనుక్కుంటాడు కదా అంది. అంటే తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి మ్యాచ్ చూసిన మనల్ని ఎవరూ మోసం చెయ్యలేదన్నమాట!

కాబట్టి ఇంకోసారి ఎవరి మీదైనా ఇలాంటి ఆరోపణ వస్తే, పార్టీ కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

1. విచారణ చేసేవాణ్ణి ఎవరు నియమించారు? వాళ్లకు ఇందులో లాభనష్టాలున్నాయా?
2. సాక్షి ప్రమాణం చేసి చెప్పాడా? అతన్ని ఎదురు ప్రశ్నించే వీలు ఇచ్చారా?
3. ఆటగాడికి వాడిన కొలతే యజమానికీ, అధికారికీ వాడారా?
4. తీర్పు, మనిషికి ఇంకా ఆడే వయసు ఉండగా వచ్చిందా?

ఈ నాలుగింటికీ సరైన జవాబు లేకపోతే "దోషి" అన్నా తొందరపాటే, "బలి చేశారు" అన్నా తొందరపాటే. ఆడేవాడి మతం, ఊరు, భాష చూసి పక్షం ఎంచుకుంటే అది ఇంకా అధ్వాన్నం. మన హైదరాబాదు వాడు కాబట్టి మంచివాడు అనడం, ఫలానావాడు కాబట్టి అమ్ముడుపోయి ఉంటాడు అనడం ఒకే జాతి మూఢనమ్మకాలు. మనకు కావలసింది ఫిక్సింగ్‌ను నేరంగా చెప్పే చట్టం, బోర్డు చేతిలో లేని విచారణ. ఆ రెండూ అడగకుండా ఎవరు మంచి, ఎవరు చెడ్డ అని టీకొట్టు దగ్గర ఇంకో పాతికేళ్లు వాదించుకున్నా లెక్క తేలదు.