ఎచ్చెర్ల దారిన ఒక కీర్తనకారుడు

శ్రీకాకుళంలో విశాఖపట్నం బస్సు ఎక్కి కిటికీ పక్కన సర్దుకు కూర్చునేలోగా ఎచ్చెర్ల వచ్చేస్తుంది. ఈ కాలం పిల్లలకి ఆ పేరు చెబితే 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం జ్ఞాపకం వస్తుంది. ఇంకాస్త ముందుకెళితే చిలకపాలెం. అక్కడ పక్కదారి పడితే పొందూరు. సన్ననూలు ఖద్దరుకి పేరుపడ్డ పొందూరు! నాలాంటి వాళ్ళు ఆ మలుపు దగ్గర చేతిసంచీ గట్టిగా పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని, తల తిప్పుకుని కూర్చోవాలి. లేకపోతే ఆ నెల ఇంటిఖర్చు అక్కడే అయిపోతుంది.

నవ్వులాటకి అనడం లేదు. భక్తికీ బట్టకీ, దైవానికీ ద్రవ్యానికీ ఈ దారి ఎప్పుడూ వుమ్మడి సొత్తే. చికాకోల్ అని దొరలు పిలిచిన మన శ్రీకాకుళంలో నేసిన మేలు మస్లిన్లు దూరదేశాలకు పోయాయి. అదే దారిన పూరీ జగన్నాథుడి కోసం యాత్రికులు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచారు. వర్తకుడూ యాత్రికుడూ ఒకే చెట్టు నీడలో కూర్చుని చద్ది విప్పుకున్నారు. ఎవరి మూటలో ఏముందో సరే, ఎవరి మనసులో ఏముందో చెట్టుకేం తెలుసు?

ఈ దారి మీదే జీవితం గడిపిన ఒక మనిషి గురించి చెప్పాలని వుంది. ఆయన పేరు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. అప్పుడు ఆ ప్రాంతమూ, మన శ్రీకాకుళమూ అంతా ఒకటే గంజాం జిల్లా, మద్రాసు రాజధాని కింద. 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, మనం ఇటు మిగిలాం. ఆయన కాలానికి ఆ గీత లేదు. తెలుగూ ఒరియా రెండూ ఆయనకి నోటి మాటలే.

ఆ రోజుల్లో శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే ఆవిడ లండన్ మిషను తరపున పని చేసేది. తెలుగులో అచ్చయిన చిన్న పుస్తకాలు ఆమె ద్వారా చౌదరిగారికి అందాయి. చదివాడు, ఆలోచించాడు, వెళ్ళి వాదించాడు. చివరికి 1833లో కటకంలో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఆ తరవాత శ్రీకాకుళం, విశాఖపట్నం, బరంపురం, కటకం, ఈ వూళ్ళ మధ్యనే బోధకుడుగా తిరిగాడు. 1890లో పోయేదాకా పాటలు కడుతూనే వున్నాడు. ఇవాళ తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో వుండే 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే వందకు పైగా కీర్తనలు ఆయనవే.

క్రైస్తవ భక్తి మాట వచ్చినప్పుడల్లా లోకం ఒక ప్రశ్న వేస్తుంది. నిజంగా దేవుడి కోసమేనా, లేక ఏదైనా దొరుకుతుందనా? ప్రశ్న కటువైనదే అయినా దాటవేయకూడదు. చౌదరిగారి సంగతిలో మొదట పోయినదేమిటో చూద్దాం.

ఆ రోజుల్లో హిందూ ధర్మశాస్త్రం ప్రకారం మతం మారి కులభ్రష్టుడైనవాడికి పిత్రార్జితంలో వాటా అడిగే హక్కు లేదు. ఆ అడ్డు తొలగిస్తూ కుంపిణీ ప్రభుత్వం చట్టం చేసింది 1850లో. అంటే చౌదరిగారు మారిన పదిహేడేళ్ళకి! ముప్ఫయ్యేళ్ళ వయసులో సంసారం చేసుకుంటున్న మనిషి వాటా పోతుందని తెలిసీ, పంక్తి పోతుందని తెలిసీ, నలుగురూ నమస్కారం పెట్టే మర్యాద పోతుందని తెలిసీ నదిలో దిగాడు. మనం ప్రలోభం అనగానే బంగారం అనుకుంటాం. బంగారం వదులుకోవడం సులువండీ, అది పెట్టెలో వుంటుంది. మర్యాద వదులుకోవడమే కష్టం, అది ఎదుటివాళ్ళ కళ్ళలో వుంటుంది.

ఇక మారినవాళ్ళ భార్యల సంగతో? మహానుభావుల చరిత్రలు చదివినప్పుడల్లా నా చూపు వాళ్ళ వంటింటి వైపు పోతుంది. మతం మారిన వ్యక్తిని భర్తో భార్యో కాదని వెళ్ళిపోతే ఆ పెళ్ళి సంగతి ఏం చెయ్యాలన్నదానికి 1866లో వేరే చట్టమే చెయ్యవలసి వచ్చింది. చట్టం చేశారంటే ఎన్ని ఇళ్ళలో ఎంత ఏడుపు జరిగివుండాలి! ఒకరి వైరాగ్యానికి ఇంకొకరు వెల కడతారన్న మాట భక్తుల చరిత్రల్లో చిన్న అక్షరాల్లోనైనా వుండదు.

ఇంక అన్నం సంగతి. చౌదరిగారు బాప్తిస్మం పుచ్చుకున్న సంవత్సరం దేశానికి మంచి సంవత్సరం కాదు. నందన కరువు గుంటూరు సీమని ఎముకల గుట్టగా చేసిన కాలం అది. ఆయన బతికుండగానే 1866లో ఒరిస్సా కరువొచ్చి గంజాం జిల్లాని కూడా పట్టి పీడించింది. 1876-78లో మళ్ళీ దక్షిణాదంతా మహాకరువు. మిషను వాళ్ళు గంజి పోశారు, పని కల్పించారు. దాంతో 'అన్నం కోసం మారారు' అన్న నింద పుట్టింది.

ఆ నింద మిషను వాళ్ళకి తెలియకపోలేదు. ఒంగోలులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ మహాకరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కానీ కరువు వున్నంతకాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. ఏడాదికి పైగా ఆ మాట మీదే నిలబడ్డాడు. కరువు తీరి, పంచడానికి మిషను చేతిలో ఏమీ మిగలని రోజు వచ్చాక, అప్పుడు రమ్మన్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో బాప్తిస్మం పొందినవాళ్ళు 2,222 మంది!

ఆ ముందుచూపుకి నేను చేతులు జోడిస్తాను. అయితే ఒక్కమాట. ఆకలిని ప్రలోభం అనడానికి నాకు మనసొప్పదు. పొందూరు చీర ప్రలోభం. పిల్లవాడి గంజి ప్రలోభం కాదు. క్రీస్తు నేర్పిన ప్రార్థనలోనే ఏనాటి రొట్టె ఆనాడు ఇమ్మని అడగడం వుంది కదా! కడుపు నిండినవాడు పరధ్యానంగా వుంటే అది మాయ. కడుపు కాలినవాడు పరధ్యానంగా వుంటే అది న్యాయం.

మరో చిక్కు కూడా వుంది. పోతన రాజులకు పుస్తకం అంకితమివ్వక హలం పట్టాడని చెప్పుకుంటాం. చౌదరిగారి కాలంవాడే అయిన త్యాగరాజు రాజాస్థానాన్ని కాదని ఉంఛవృత్తి చేసుకున్నాడని చెప్పుకుంటాం. చౌదరిగారో? మిషను జీతం తీసుకున్నాడు. మరి జీతం పుచ్చుకుంటూ చేసిన భక్తి భక్తేనా? ఈ ప్రశ్న అడిగేవాళ్ళకి నా ఎదురుప్రశ్న ఒకటే. పొలమూ లేక, వాటా రాక, కులంవారి గుమ్మం ఎక్కే దిక్కులేక, ఇంటినిండా జనాన్ని పెట్టుకున్నవాడు ఏం తినాలి? జీతం తీసుకోవడం తప్పు కాదు. జీతానికి తగినంతే పాడితే తప్పు. ఆయన అంతటితో ఆగలేదని ఆ వంద పైచిలుకు కీర్తనలే సాక్ష్యం. గుమాస్తా లెక్కకి అన్ని పాటలు ఎవరూ కట్టరు.

ఆ పాటల తీరు చూడండి. పల్లవి, చరణాలు, పైన రాగం పేరు, తాళం పేరు, అచ్చం మన భజన పాటల ఫణితి. విదేశీ బాణీకి తెలుగు మాటలు అతికించడం కాదు, మన వూళ్ళ గొంతుకి అలవాటైన నడకలో కొత్త మాట చెప్పడం. నా మటుకు నాకు మతాన్ని మించిన రహస్యం అందులో వుందనిపిస్తుంది. మనసు చెదరకుండా వుండాలంటే దానికి ఉపన్యాసం చాలదు, తాళం కావాలి. చేతులు పని చేస్తున్నా నోరు ఆడేదే పాట.

ఎచ్చెర్ల పక్క ఒక పల్లెలో గుడి అరుగు మీద ఒక ముసలమ్మ చింతపండు గింజలు తీస్తూ కీర్తన పాడుతోంది. పుస్తకం లేదా అని అడిగాను.

"పుస్తకమేటమ్మా, సదువొచ్చా ఏటి నాకు? అది పట్టుకుంటే ఈ సింతపండు ఎవులు తీస్తారు?" అంది.

నాకు వెంటనే సువార్తలోని మార్త, మరియ గుర్తొచ్చారు. ఏసు ఇంటికొస్తే మరియ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మాటలు వింటుంది. అక్క మార్త వంటింట్లో సతమతమవుతూ, చెల్లెలు సాయం రావడం లేదని ఫిర్యాదు చేస్తుంది. చివరికి మెప్పు మరియకే దక్కుతుంది. గరిటె పట్టిన ఏ ఆడదానికైనా ఈ కథ వింటే మార్త మీద జాలి కలుగుతుంది. అయితే కథ జాగ్రత్తగా చదివితే ఆయన తప్పుపట్టింది వంటని కాదు, ఆ కంగారుని. అరుగు మీది ముసలమ్మ మార్త పనీ చేస్తోంది, మరియలా వినడమూ వింటోంది. అక్కచెల్లెళ్ళిద్దర్నీ ఒకే ఒంట్లో ఇముడ్చుకుంది. అందుకు ఆమెకి సాయపడ్డది ఏనాడో చౌదరిగారి వంటివాళ్ళు కట్టిపెట్టిన ఆ తాళమే.

ఇప్పటి ప్రలోభాలు వేరంటారా? పండగొస్తే ఎవరి ఇంటి మీద నక్షత్రం పెద్దదన్న పోటీ, ఎవరి మైకు ఎక్కువ దూరం వినపడుతుందన్న పోటీ. ఆ మాటకొస్తే మా వీధి కోవెల్లోనూ అదే తంతు. ప్రార్థన మధ్యలో జేబులో ఫోను మోగితే, దేవుడు పిలిచినా అంత కంగారుగా లేవం. మన చేతిలో వున్నవన్నీ వదులుకోమని ఎవరూ అడగడం లేదు. చౌదరిగారిని అడిగినట్టు వాటా అడగడం లేదు, మర్యాద అడగడం లేదు. ఒక్క పాట పూర్తయ్యేదాకా మనసు మాత్రం అడుగుతున్నారు.

అంత చిన్న కోరికకి మనం ఎన్ని సాకులు చెబుతామో చూస్తే, 1833లో నదిలో దిగిన ఆ మనిషి మీద నాకు గౌరవం ఇంకా పెరుగుతుంది.