ముండా పాటల వెంట జర్మన్ పాదిరి

జంషెడ్‌పూర్‌లో ఇంటిస్థలం కొనబోయే తెలుగువాడికి తెలిసినవాళ్లు ముందుగా చెప్పే జాగ్రత్త ఒకటుంది: ‘అది సీఎన్‌టీ భూమేమో చూసుకో.’ 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టానికి ఇక్కడి వాడుక పేరు అది. ఆదివాసీ రైతు భూమి బయటివాళ్ల చేతుల్లోకి జారిపోకుండా ఆ చట్టంలోని 46వ సెక్షన్ అడ్డుపడుతుంది. ఆ చట్టం తయారీలో ఒక జర్మన్ పండితుడి పాత్ర ఉంది. ఆయన వకీలు కాదు, రెవెన్యూ అధికారీ కాదు. ముండా ఆదివాసీల పాటల తీరుతెన్నుల మీద పుస్తకం రాసిన పాదిరి. పేరు యోహాన్ బాప్టిస్ట్ హోఫ్‌మన్.

1857లో జర్మనీలో పుట్టిన హోఫ్‌మన్ యువకుడిగా ఉండగానే జెసూట్ సభ తరఫున మన దేశానికి వచ్చారు. 1890లలో రాంచీకి దక్షిణాన ఇప్పటి ఖుంటీ జిల్లాలో ఉన్న సర్వదా మిషన్‌కు చేరారు. ఆ ప్రాంతానికి జర్మన్లు కొత్త కాదు. గోస్నర్ మిషన్ వాళ్లు 1845లోనే రాంచీలో అడుగుపెట్టారు. వాళ్లలో నోట్రాట్ 1882లో ముండాల భాష ముండారీకి వ్యాకరణం తెస్తే, ఫెర్డినాండ్ హాన్ తెలుగుకు దూరపు చుట్టమైన కురుఖ్ భాషకు వ్యాకరణం కూర్చారు. హోఫ్‌మన్ కూడా ముందు ఆ బాటే పట్టి 1903లో ముండారీ వ్యాకరణం అచ్చువేయించారు. కానీ అక్కడితో ఆగలేదు.

జానపదుల నోటి పాటను సాహిత్యంగా లెక్కించడం జర్మన్ చదువులో అప్పటికే వేళ్లూనుకున్న సంగతి. 1778-79లోనే జర్మన్ రచయిత హెర్డర్ పలు జాతుల పాటలను సంకలనం చేశారు. ఆ చూపు ముండా గ్రామాల మీద పడితే ఎలా ఉంటుందో 1907లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వెలువరించిన హోఫ్‌మన్ రచన చూపిస్తుంది. ముండారీ కవిత్వం, సంగీతం, నాట్యం దాని విషయం. ఈ మూడింటినీ విడదీసి చూడలేమన్నట్టు ఒకే పుస్తకంలో పెట్టారు. లిపి లేనివాళ్ల దగ్గర కవిత్వం ఏముంటుందని చదువుకున్నవాళ్లు అనుకునే రోజుల్లో, ఉంది, దానికో కట్టడి కూడా ఉందని వివరించారు.

ఆ కట్టడి ఏమిటంటే, ముండా పాటలో పాదాలు జంటగా నడుస్తాయి. మొదటి పాదంలో కొండ మీద సంగతి చెబితే రెండో పాదం అదే మాటల అల్లికతో పల్లంలోకి దిగుతుంది. మొదటి పాదంలో ఒక పువ్వు పేరు వస్తే దాని జోడు పువ్వు రెండో పాదంలో సిద్ధంగా ఉంటుంది. ఈ జోళ్ల కోసమే పాటకు వేరే పదకోశం ఏర్పడింది. ఇంట్లో మాట్లాడేటప్పుడు రాని మాటలు పాటలో వినిపిస్తాయి. ఏ పాట ఎప్పుడు పాడాలో కూడా ఊరికి తెలుసు. సాల చెట్లు పూసే సర్హుల్ పండగకు జదుర్, గేనా. వానాకాలంలో కరమ్ పాటలు. వేట కాలానికి జపి. ఋతువు మారితే రాగం, అడుగు రెండూ మారతాయి. వీటన్నిటినీ అఖాడాలో, అంటే ఊరి ఆటస్థలంలో, రాత్రిళ్లు ఆడీపాడీ పిల్లలు నేర్చుకుంటారు.

పాటల వెంట వెళ్లిన హోఫ్‌మన్‌కు వాటి కింద ఉన్న నేల కనిపించింది. ముండాల భూమి ఒక్కడి సొత్తు కాదు. అడవి నరికి ఊరు వేసిన మూలపురుషుల వారసులందరిదీ. దీన్నే ఖూంట్‌కట్టీ అంటారు. ఆ హక్కుకు కాగితం లేదు. ఊరి చివర సమాధుల మీద పరిచిన ససన్‌దిరి బండలే పట్టాలు. ఏ కిలీ వాళ్ల, అంటే ఏ వంశం వాళ్ల పెద్దలు ఎక్కడ పడుకున్నారో ఆ ఊరు వాళ్లది. కంపెనీ కోర్టులూ ఆ తర్వాతి దొరల కోర్టులూ అడిగింది మాత్రం కాగితాలు. కాగితం పుట్టించడం చేతనైన జమీందార్లు, ఠేకేదార్లు ఊళ్లకు ఊళ్లు మింగేశారు.

ఆ కడుపుమంటే బిర్సా ముండా నాయకత్వాన ఉల్గులాన్‌గా, అంటే పెను తిరుగుబాటుగా లేచింది. 1899 డిసెంబరులో క్రిస్మస్ ముందురోజు సర్వదా మిషన్ మీద బాణాలు పడ్డాయి. మరుసటి నెల డోంబారీ కొండ దగ్గర తుపాకులు పేలాయి. 1900 జూన్ 9న బిర్సా రాంచీ జైల్లో కన్నుమూశారు. హోఫ్‌మన్ బిర్సా పక్షాన నిలవలేదు. ఆయన దొరల ప్రభుత్వంతో కలిసి నడిచిన మిషనరీయే. ఆ మాట దాచిపెట్టి ఆయన్ని దేవుణ్ని చేయనక్కర్లేదు. కానీ తిరుగుబాటు వెనక ఉన్నది మూఢభక్తి కాదని, పోయిన భూమి అని అధికారులకు వివరించగలిగింది కూడా ఆయనే. లిస్టర్ అనే ఐసీఎస్ అధికారితో కలిసి ముండా భూవ్యవస్థ మీద నివేదిక రాశారు. 1908 చట్టం ముండారీ ఖూంట్‌కట్టీ హక్కుకు గుర్తింపు ఇచ్చింది. ఆ మరుసటి ఏడే అప్పుల ఊబిలో ఉన్న రైతుల కోసం హోఫ్‌మన్ సహకార పరపతి సంఘం పెట్టారు.

అదే కాలంలో ఇటు సింగ్‌భూమ్‌లో, ఇప్పటి జంషెడ్‌పూర్‌లో భాగమైన సాక్చీ పల్లె దగ్గర టాటా ఉక్కు కర్మాగారం లేస్తోంది. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె బయటికొచ్చింది. అక్కడా జర్మన్ నిపుణులు కొలువులో ఉండేవారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్ అయిన ప్రతివాడూ శత్రువయ్యాడు. కొలిమి దగ్గరి పనివాడికీ, పాటలు రాసుకునే పాదిరికీ తేడా చూడలేదు. 1915లో హోఫ్‌మన్‌ను దేశం నుంచి పంపేశారు. ఆయన మళ్లీ రాలేదు.

జర్మనీలో కూర్చుని ఆయన చేసిన పని, అప్పటిదాకా చేసినదానికన్నా పెద్దది: ముండారీ విజ్ఞాన సర్వస్వం. పేరుకు నిఘంటువు. తెరిస్తే ఒక్కో మాట కింద పెళ్లి తంతు, నాగలి కట్టే తీరు, చెట్టు వాడకం, భూతవైద్యం పేజీలకు పేజీలు పరుచుకుంటాయి. బెల్జియం పాదిరి వాన్ ఎమెలెన్ తోడుగా నిలిచారు. 1928లో హోఫ్‌మన్ మరణించారు. పట్నాలో 1930లో అచ్చు మొదలై ఏళ్ల తరబడి సంపుటాలు వస్తూనే ఉన్నాయి. ఒక్కటి కూడా ఆయన చూడలేదు.

జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్లలో చాలావాటి మూలాలు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉన్నాయి. ఆ పక్కనే, అదే కాలంలో, ఇలాంటి పనే ఒక తెలుగు పంతులు చేశారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చి, వాళ్ల పిల్లల కోసం బడులు నడిపి, 1931లో సవర భాషా బోధిని, 1938లో సవర నిఘంటువు తెచ్చారు. సవర కూడా ముండా కుటుంబం భాషే. వ్యావహారిక భాషోద్యమ పితగా గిడుగును తలుచుకునే మనం ఈ సగం పనిని తరచుగా మర్చిపోతుంటాం.

రాతలేని భాషలకు సాహిత్య చరిత్ర రాయాలంటే తాళపత్రాల బీరువాలు చాలవు. హోఫ్‌మన్ పుస్తకాల్లో పాట, పండగ, నేల ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. అందుకే ఆయన చదువు చట్టం దాకా పనికొచ్చింది. తర్వాత ఆ పాటల మీద పని ముండాల చేతుల్లోకే వచ్చింది. రాంచీ విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పనిచేసిన రామ్‌దయాల్ ముండా తమ భాషలో రాశారు, ఆ పాటలు తానే పాడారు, ఢోలు పట్టి ఆడారు. ఇక 1908 చట్టాన్ని సడలించాలని 2016లో రాష్ట్ర ప్రభుత్వం సవరణలు తెస్తే ఆదివాసీలు వీధికెక్కారు. అప్పటి గవర్నర్ ద్రౌపదీ ముర్ము బిల్లును తిప్పి పంపారు. 2017లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పాదిరి రాసిన నివేదిక కన్నా, దాన్ని రాయించిన ఊళ్ల పట్టుదలే ఆ చట్టాన్ని ఇన్నేళ్లు నిలబెట్టింది.